చందాదారుల తొట్టి: వీడియో సంస్థల పోటీలోని లెక్క

అంకగణిత పుస్తకములలో తరతరములుగా వచ్చుచున్న లెక్క యొకటి కలదు. ఒక తొట్టిలోనికి ఒక గొట్టము నీటిని నింపుచుండును. అడుగున ఉన్న మరియొక గొట్టము ఆ నీటిని బయటికి వదలుచుండును. తొట్టి ఎంతసేపటికి నిండును? ఈ లెక్క చేయని విద్యార్థి ఉండడు. చేసి విసుగు చెందని విద్యార్థియు అరుదు. ఒకవైపు నింపుచు మరొకవైపు ఖాళీ చేయు వెర్రివాడు ఎవడని ఉపాధ్యాయుని అడిగినవారును ఉందురు. అట్టివారు నేడు కలరు. నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్ వీడియో, జియోహాట్‌స్టార్, మన తెలుగువారి ఆహా వంటి వీడియో సంస్థలు రాత్రింబగళ్ళు చేయుచున్న పని అదియే. అయితే వారు ఖాళీ చేయరు. తొట్టి తనంతట తానే కారుచుండును.

చిత్రమును ముందుగా మొత్తము దింపుకొనకుండ, ఇంటర్నెట్టు ద్వారా వచ్చుచుండగనే చూచుటకు స్ట్రీమింగు అని పేరు. ఇందుకు నెలకో, ఏడాదికో కొంత సొమ్ము కట్టువారు చందాదారులు. సినిమాహాలులో టిక్కెట్టు కొన్న ప్రేక్షకునితో హాలు యజమానికి గల సంబంధము ఆ ఆటతో తీరిపోవును. చందాదారు సంగతి అట్లు కాదు. ఉండుటయా, మానుటయా అని ఆయన ప్రతి నెలయు నిశ్చయించుకొనవచ్చును. కావున సంస్థ ఒకే మనిషిని నెలనెలయు మెప్పింపవలసి యున్నది.

ఈ తొట్టికిని పుస్తకములోని తొట్టికిని ఒక భేదము కలదు. పుస్తకములో అడుగు గొట్టము ఎల్లప్పుడును ఒకే వేగముతో నీటిని వదలును. ఇక్కడ తొట్టిలో నీరు పెరిగినకొలది కారిపోవు నీరును పెరుగును. ఏలయన, ప్రతి నెలయు ఉన్నవారిలో ఒక భాగము మానివేయుదురు. ఉదాహరణకు ఒక సంస్థలో నెలకు 50,000 మంది క్రొత్తగా చేరుచున్నారనియు, ఉన్నవారిలో నూటికి 5 గురు చొప్పున మానుచున్నారనియు అనుకొందము. మొదటి నెల చివరకు చందాదారులు 50,000. రెండవ నెలలో వారిలో 2,500 మంది పోయి, మరి 50,000 మంది చేరగా 97,500. మూడవ నెల చివరకు 1,42,625. సంఖ్య పెరుగుచునే యున్నది. కాని పెరుగుదల నెలనెలకు చిక్కిపోవుచున్నది. ఎక్కడ ఆగును? చేరువారును మానువారును సమానమైన చోట. 10 లక్షలలో నూటికి 5 వంతున 50,000. కావున చేరువారు, మానువారు ఇదే తీరున ఉన్నంతకాలము ఈ సంస్థ ఎన్నేండ్లు నడచినను 10 లక్షల మట్టమును దాటదు.

ఈ మట్టమును 20 లక్షలకు పెంచుటకు రెండు దారులు కలవు. నెలకు చేరువారిని 50,000 నుండి లక్షకు పెంచవచ్చును. లేదా మానువారిని నూటికి 5 నుండి రెండున్నరకు తగ్గింపవచ్చును. ఫలితము ఒక్కటే. కాని మొదటి దారిలో ప్రతి నెలయు మరి 50,000 మంది క్రొత్తవారిని వెదకి తేవలెను. ఊరిలో ఇక చేరవలసినవారు తరిగినకొలది అది కష్టమగును. నూటికి 5 వంతున మానుచున్నచో ఒక్కొక్క చందాదారు సగటున 20 నెలలు ఉండును. నెలకు రూ. 200 చందా అనుకొన్నచో ఆయన వలన మొత్తము రాబడి రూ. 4,000. మానుట రెండున్నరకు తగ్గినచో 40 నెలలు, రూ. 8,000. ఒక క్రొత్త చందాదారును తెచ్చుకొనుటకు ఎంత వెచ్చింపవచ్చునో నిర్ణయించునది ఈ సంఖ్యయే. ఈ కారుడునకు వ్యాపార పరిభాషలో చర్న్ అని పేరు.

భౌతికశాస్త్రము బోధించువారికి ఈ రూపము పరిచితమే. క్రొత్తవారు చేరుట ఆగిపోయినచో, నూటికి 5 వంతున తరుగు జనము 13, 14 నెలలలో సగమగుదురు. ఇది రేడియోధార్మిక పదార్థము యొక్క అర్ధాయువు వంటిదే. కాని పోలిక ఇంతవరకే సరిపోవును. వేయి సంవత్సరములు నిలిచిన పరమాణువును, ఈ క్షణమున పుట్టిన పరమాణువును విఘటనము చెందుటకు సమానావకాశము కలవి. మనుష్యులు అట్లు కారు. నిన్న చేరినవారు త్వరగా మానుదురు. ఐదేండ్లుగా ఉన్నవారు సామాన్యముగా కదలరు. పైగా క్రికెట్టు ఋతువులో ఒక వరద, అది ముగియగనే ఒక కరువు.

కారుడును గూర్చి ఇంత ఆరాటమెందుకు? చిత్రమునకు అగు ఖర్చు చూచువారి సంఖ్యను బట్టి మారదు కనుక. 100 కోట్ల రూపాయలతో తీసిన చిత్రము 10 లక్షల చందాదారులున్న సంస్థకు తలకు రూ. 1,000 పడును; కోటిమంది ఉన్న సంస్థకు తలకు రూ. 100 మాత్రమే. పదిమంది చూచిన చీర నలుగును గాని, కోటిమంది చూచినను చిత్రము నలుగదు. అందుచేత మట్టము ఎక్కువగా ఉన్నవాడు మరింత మంచి చిత్రములు కొనగలడు. మంచి చిత్రములున్నచోటికి జనము పోవుదురు. చిన్న సంస్థకు ఇదియే చిక్కు.

నింపు గొట్టమును వెడల్పు చేయు ఉపాయములు మనకు సులభముగా కనిపించునవే. నెట్‌ఫ్లిక్స్ సంస్థను రీడ్ హేస్టింగ్స్, మార్క్ రాండాల్ఫ్ 1997లో కాలిఫోర్నియాలో స్థాపించినారు. డి.వి.డి. పళ్ళెములను తపాలా ద్వారా అద్దెకిచ్చుచు, 1999లో నెల చందా పద్ధతిని పెట్టినారు. స్ట్రీమింగు 2007లో మొదలైనది. 2016 జనవరిలో ఈ సంస్థ భారతదేశమునకు వచ్చినది. అమెరికాలో చెల్లిన ధర ఇక్కడ చెల్లలేదు. 2019లో ఫోనులో మాత్రము చూచుటకు నెలకు రూ. 199 పథకము పెట్టి, 2021 డిసెంబరులో దానిని రూ. 149కి, రూ. 499 ఉన్న మరియొక పథకమును రూ. 199కి తగ్గించినది.

ధర తరువాత భాష. 2022 మే నెలలో ఆర్.ఆర్.ఆర్. చిత్రము వీడియో సంస్థలకు వచ్చినపుడు హిందీ ప్రతి నెట్‌ఫ్లిక్సునకును, తెలుగు ప్రతి జీ5నకును దక్కినవి. తెలుగులో తీసిన చిత్రమును తెలుగులోనే చూడగోరిన ఇంటివారికి మొదటిదానికి కట్టిన చందా అక్కరకు రాలేదు. ఒకే చిత్రమును భాషలవారీగా కోసి అమ్ముట వలన రెండు తొట్లకు రెండు గొట్టములు ఏర్పడినవి. 2020లో ఆరంభమైన ఆహా మొదట తెలుగు ఒక్కదానినే నమ్ముకొని వచ్చినది. చిన్న తొట్టి అయినను, దానిలోనికి వచ్చు నీరు మరొకచోటికి పోకుండ చూచుకొనుటయే దాని ఉపాయము.

ఇక చిల్లును పూడ్చు ఉపాయములకు వత్తము. శాస్త్రమునకు ఎక్కువ పని ఇక్కడనే.

సంస్థ వద్ద వేలకొలది చిత్రములుండును. చందాదారు సాయంత్రము కూర్చుండి, పది నిమిషములు వెదకి, ఏమియు తోచక లేచిపోయినచో, అట్టి సాయంత్రములు నాలుగైనచో, ఆ నెలతో చందా ముగియవచ్చును. కావున ఆయనకు నచ్చు చిత్రమును ఆయనకంటె ముందు ఊహింపవలెను. ఇందుకై నెట్‌ఫ్లిక్స్ 2006 అక్టోబరులో ఒక పోటీ ప్రకటించినది. తమ ఊహలోని తప్పును నూటికి 10 వంతులు తగ్గించినవారికి 10 లక్షల డాలర్ల బహుమతి. పోటీదారులకు 4,80,189 మంది ప్రేక్షకులు 17,770 చిత్రములకు ఇచ్చిన మార్కుల పట్టిక ఇచ్చినారు. ఒక్కొక్క మార్కు 1 నుండి 5 నక్షత్రముల వరకు ఉండును.

ఈ పట్టికను ఊహించి చూడుడు. వరుసకొక ప్రేక్షకుడు, నిలువుకొక చిత్రము. గదులు మొత్తము సుమారు 853 కోట్లు. వానిలో నిండినవి 10 కోట్లు మాత్రమే. అనగా 85 గదులకు ఒకటి. మిగిలిన గదులలో ఏమి ఉండవలెనో చెప్పుటయే సమస్య.

బాగుగా ఫలించిన పద్ధతులలో ఒకటి ఇట్టిది. ప్రతి చిత్రమునకు కొన్ని సంఖ్యలు ఇత్తము. సులభముగా ఉండుటకు రెండే తీసికొందము: ఒకటి పోరాటము, రెండు హాస్యము. ఒక చిత్రమునకు పోరాటము 4, హాస్యము 1. మరియొక చిత్రమునకు పోరాటము 1, హాస్యము 4. అట్లే ప్రేక్షకునకును రెండు సంఖ్యలు: పోరాటముపై ఇష్టము 0.9, హాస్యముపై 0.2. జతలను గుణించి కూడినచో మొదటి చిత్రమునకు 3.6 + 0.2 = 3.8, రెండవదానికి 0.9 + 0.8 = 1.7. కనుక ఈయనకు మొదటిదే చూపవలెను. మరి ఈ సంఖ్యలను ఎవరు ఇత్తురు? ఎవరును ఇయ్యరు. తోచిన సంఖ్యలతో మొదలుపెట్టి, నిండిన గదులలోని అసలు మార్కుతో పోల్చి, తప్పు తగ్గువైపునకు ఒక్కొక్కదానిని కొంచెము కొంచెముగా కంప్యూటరు జరుపుచు పోవును. కోట్లసార్లు జరిపిన పిమ్మట సంఖ్యలు కుదురుకొనును. వింత యేమనగా, వానికి పోరాటము, హాస్యము అను పేర్లు యంత్రమునకు తెలియవు. మనము వెనుకకు తిరిగి చూచి పేర్లు పెట్టుకొందుము. కొన్నిటికి ఏ పేరును కుదరదు.

తప్పును కొలుచు విధానము విద్యార్థులు ఎరిగినదే. ప్రతి ఊహకును అసలు మార్కునకును గల భేదమును వర్గము చేసి, సగటు తీసి, వర్గమూలము కట్టుట. సంస్థ సొంత పద్ధతిలో ఇది 0.9525. మూడేండ్ల శ్రమ తరువాత, 2009 సెప్టెంబరులో బహుమతి పొందిన బృందము దీనిని 0.8567కు తెచ్చినది. నక్షత్రములో పదవవంతు మాత్రము! ఇంతకును ఆ గెలిచిన పద్ధతిని సంస్థ పూర్తిగా వాడుకొననేలేదు. అందులోని కొన్ని భాగములను మాత్రమే గ్రహించినది. ఏలయన, ఈలోగా డి.వి.డి.ల కాలము పోయి స్ట్రీమింగు కాలము వచ్చినది. ప్రేక్షకుడు ఏ చిత్రమునకు ఎన్ని నక్షత్రములిచ్చునన్నది కాక, ఏది నొక్కును, ఎంతసేపు చూచును, ఎక్కడ ఆపును అన్నవి నేరుగా తెలియసాగినవి. గంభీరమైన చిత్రమునకు ఐదు నక్షత్రములిచ్చి, సాయంత్రము తేలికపాటి హాస్యము చూచువారు లోకములో చాలమంది. 2017లో సంస్థ నక్షత్రములనే తీసివేసి బొటనవ్రేలి గుర్తు పెట్టినది.

ఈ కథలో మరొక అంకము కలదు. పోటీ పట్టికలో ప్రేక్షకుల పేర్లు తొలగించి, బదులు అంకెలు ఉంచినారు. పేరు లేదు కనుక భయము లేదని అందరును తలచినారు. టెక్సాస్ విశ్వవిద్యాలయమునకు చెందిన అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ ఈ పట్టికను, ఇంటర్నెట్టులో బహిరంగముగా ఉన్న సినిమా అభిప్రాయములతో పోల్చి, కొందరు ఎవరెవరో గుర్తింపవచ్చునని 2008లో ప్రకటించిన పత్రములో నిరూపించినారు. ఒక మనిషి చూచిన ఏడెనిమిది చిత్రములు, చూచిన తేదీలు చాలును. ఆ కూర్పు వ్రేలిముద్ర వంటిది. దావా, ప్రభుత్వ విచారణ వచ్చిన మీదట సంస్థ తలపెట్టిన రెండవ పోటీని 2010లో విరమించుకొన్నది. మనము ఏమి చూచుచున్నామో అది మనలను గూర్చి ఎంత చెప్పునో దీనివలన తెలియుచున్నది.

చిత్రము నచ్చినను, నడుమ నడుమ ఆగిపోయినచో చందాదారు ఆగడు. కావున చిత్రమును కొద్ది సెకండ్ల తునకలుగా చేసి, ఒక్కొక్క తునకను నాలుగైదు రకముల నాణ్యతలో సిద్ధము చేసి ఉంచుదురు. ఇంటర్నెట్టు వేగము తగ్గినపుడు మన ఫోను తరువాతి తునకను తక్కువ నాణ్యతలో అడుగును. బొమ్మ కొంచెము మసకబారును గాని ఆగదు. సెకండునకు 2 మెగాబిట్ల వంతున గంటసేపు చూచినచో 900 మెగాబైట్లు ఖర్చగును. 1 మెగాబిట్టు అయినచో 450. రోజుకు ఒకటిన్నర గిగాబైట్లు వచ్చు ఫోను పథకము గలవారు మొదటి తీరున 1 గంట 40 నిమిషములు, రెండవ తీరున 3 గంటల 20 నిమిషములు చూడవచ్చును. అదే బొమ్మను తక్కువ బిట్లలో ఇముడ్చగల ఇంజనీరు, మన దేశములో చిల్లును పూడ్చువారిలో ఒకడు.

ఇన్ని ఉపాయములున్నను, ఒక్క వస్తువు చేజారినచో తొట్టి ఎట్లు కారునో చూపు ఉదాహరణము మన దేశములోనే జరిగినది. ఐ.పి.ఎల్. క్రికెట్టును ఇంటర్నెట్టులో ప్రసారము చేయు హక్కు 2022 వరకు హాట్‌స్టారునకు ఉండెను. 2023 నుండి 2027 వరకు ఐదేండ్లకు 2022 జూన్‌లో వేలము జరిగినది. భారత ఉపఖండమునకు ఇంటర్నెట్టు ప్రసార హక్కును వయాకామ్18 సంస్థ 20,500 కోట్ల రూపాయలకు పాడుకొన్నది. ఆటలు 410; అనగా ఆటకు 50 కోట్లు. హాట్‌స్టార్ యజమానియైన డిస్నీ టెలివిజను హక్కును మాత్రము దక్కించుకొన్నది.

డిస్నీ ఏల వెనుదీసినదో మన తొట్టి లెక్కతోనే ఊహింపవచ్చును. 20,500 కోట్లు అనగా ఏడాదికి 4,100 కోట్లు. ఐదుకోట్ల చందాదారులపై పంచినచో తలకు ఏడాదికి రూ. 820. ఆ కాలమున హాట్‌స్టారునకు ఒక చందాదారు వలన వచ్చు సగటు రాబడి నెలకు ఒక డాలరు కూడ లేదు. ఏడాదికి వేయి రూపాయలైనను రాని చోట ఒక్క ఆటకే 820 పోయినచో తక్కినవానికి మిగులునదేమి?

ఫలితము సంస్థ స్వయముగా ప్రకటించిన లెక్కలలో ఉన్నది. 2022 అక్టోబరు మొదట డిస్నీ హాట్‌స్టార్ చందాదారులు 6.13 కోట్లు. ఆ ఏడాది చివరకు 5.75 కోట్లు. 2023 ఏప్రిల్ మొదట 5.29 కోట్లు. జూలై మొదట 4.04 కోట్లు. సెప్టెంబరు చివరకు 3.76 కోట్లు. ఇందులో కొన్ని ఆగ్నేయాసియా దేశములవారును చేరియున్నారు. అన్నిటికంటె పెద్ద పతనము ఏప్రిల్, జూన్ మాసముల నడుమ. మూడు నెలలలో కోటీ ఇరువదియైదు లక్షలు. ఐ.పి.ఎల్. జరుగు ఋతువు అదియే. నేరము అంతయు క్రికెట్టుదే అనరాదు, హెచ్.బి.ఓ. ధారావాహికలు కూడ 2023 మార్చి చివరనే హాట్‌స్టారును విడిచినవి. కాని సింహభాగము క్రికెట్టుదే అనుటలో సందేహింపనక్కరలేదు.

అటు వయాకామ్18 ఏమి చేసినది? అంత ధర పెట్టి కొన్న ఆటలను 2023లో జియోసినిమా ద్వారా అందరికిని ఉచితముగా చూపినది. ఇది చందా వ్యాపారము కాదు, ప్రకటనల వ్యాపారము. అప్పుడు హాట్‌స్టారును అదే బాట పట్టి, ఆ ఏటి ప్రపంచ కప్పు పోటీలను ఫోనులలో ఉచితము చేసినది. 2023 నవంబరు 19న జరిగిన తుది ఆటను హాట్‌స్టారులో ఒకే సమయమున 5.9 కోట్లమంది చూచినారు. ఆ డిసెంబరు చివరకు చందాదారులు 3.83 కోట్లు మాత్రమే. తొట్టి చుట్టు మూగినవారి సంఖ్య వేరు, తొట్టిలోని మట్టము వేరు అని దీనివలన స్పష్టమగుచున్నది.

ఇద్దరును ఇట్లు ఉచితముగా పంచుచు ఎంతకాలము నిలువగలరు? 2024 నవంబరులో ఈ రెండు వ్యాపారములును కలిసిపోయినవి. 2025 ఫిబ్రవరి 14న హాట్‌స్టార్, జియోసినిమా ఒక్కటై జియోహాట్‌స్టార్ అను పేరుతో వెలసినవి. క్రికెట్టునకు మరల చందా వచ్చినది. ఆ మార్చిలో రూ. 299, ఆపైన ఫోను రీచార్జి చేసికొన్న జియో ఖాతాదారులకు 90 దినములు ఈ సేవను అదనపు సొమ్ము లేకుండ ఇచ్చినారు. ఫోనుతో ముడిపెట్టిన చందాను ఎవరును ప్రత్యేకముగా మానరు. చిల్లు మూయుటకు ఇంతకంటె సులువైన బిరడా లేదు. అయితే పోటీదారులు ఇద్దరు ఒక్కటైనపుడు చందాదారునకు విడిచిపోవుటకు చోటును తగ్గును. ఇది బిరడాలలో కెల్ల గట్టిది.

మిగిలిన ఉపాయములు కొన్ని చిన్నవి. 2013లో నెట్‌ఫ్లిక్స్ తన హౌస్ ఆఫ్ కార్డ్స్ ధారావాహికలోని 13 భాగములను ఒకేరోజు విడుదల చేసినది. ఒక్క నెల చందాతో అంతయు చూచి మానివేయువారికి అది సౌకర్యమే. 2022లో స్ట్రేంజర్ థింగ్స్ నాలుగవ విడతను మే 27న కొంత, జూలై 1న కొంత విడుదల చేసినారు. నడుమ 35 దినములు. నెల చందా 30 దినములకో 31 దినములకో తీరిపోవును! ఇతరుల రహస్యపదముతో ఉచితముగా చూచుచున్న కుటుంబములు 10 కోట్లకు పైగా ఉన్నవని 2022లో చెప్పిన ఈ సంస్థ, 2023లో అట్టివారిని కట్టడి చేసినది. ఆ యేడు చందాదారులు 23.1 కోట్ల నుండి 26 కోట్లకు పెరిగినారు.

ఉపాయములలో గౌరవము లేనిది ఒకటి కలదు: మరుపును నమ్ముకొనుట. మొదటి నెల ఉచితమని చేర్చుకొని, ఆపై బ్యాంకు ఖాతా నుండి సొమ్ము తనంతట తానే పోవునట్లు ఏర్పరచి, మానుటకు బొత్తాము ఎక్కడ ఉన్నదో కనబడకుండ చేయుట. చేరుటకు ఒక్క నొక్కు, మానుటకు పది. ఈ చిల్లును మూయు పద్ధతిపై ప్రభుత్వము దృష్టి పడినది. భారతీయ రిజర్వు బ్యాంకు నియమము ప్రకారము 2021 అక్టోబరు 1 నుండి, ఇట్లు తనంతట తానే కోసికొను సొమ్మును గూర్చి కనీసము 24 గంటలు ముందుగా ఖాతాదారునకు తెలియజేయవలెను. 2023 నవంబరు 30న కేంద్రము వెలువరించిన మార్గదర్శక సూత్రములు, చందా మానుటను దుర్లభము చేయు పన్నాగములను నిషిద్ధమైన మోసపు పద్ధతులలో చేర్చినవి. ఇంటిలో పెద్దల ఫోనునకు ఆ 24 గంటల ముందు సందేశము వచ్చినపుడు దానిని చదివి చెప్పగలవారు సామాన్యముగా హైస్కూలు విద్యార్థులే.

మన తొట్టి లెక్కను నిజమైన అంకెలతో చేసి చూడగోరు ఉపాధ్యాయులకు ఒక సంగతి తెలుపవలెను. నెట్‌ఫ్లిక్స్ ప్రతి మూడు నెలలకును తన చందాదారుల సంఖ్యను ప్రకటించుచు వచ్చినది. 2024 చివరకు ఆ సంఖ్య 30.16 కోట్లు. 2025 నుండి ఈ త్రైమాసిక ప్రకటనను మానివేసినది. ఆదాయమును, లాభమును మాత్రమే చెప్పుచున్నది. నెలకు ఎందరు మానుచున్నారన్న అంకెను ఆ ప్రకటనలలో ఇచ్చుట అంతకు చాల ముందే మానివేసినది.